పొద్దు గూకని దారి

ఆ దారిలో పొద్దు గూకదు. గూకేలా చేయడం ఆతియా మేడంకి చేతకాలేదు, అంతకు మించి అందులో మర్మమేమీ లేదు. టీచర్లకి కంప్యూటర్ ఆటలు కట్టడం నేర్పే మూడు రోజుల శిక్షణలో ఆకాశం ఎలా పెట్టాలో చూపించారు, సూర్యుణ్ణి ఎక్కడ తగిలించాలో చూపించారు. సూర్యుణ్ణి కదిలించడం నేర్పేలోపే సర్టిఫికెట్లు చేతిలో పెట్టి, వరసగా నిలబెట్టి ఫోటో తీసి పంపించేశారు. అందుకని మేడ్చల్ టేషన్ నుంచి షామీర్‌పేట దాకా ఆమె కంప్యూటర్లో పరిచిన ఆ మట్టిబాట మీద ఎప్పుడు చూసినా సాయంత్రమే. జొన్నచేల మీద పల్చటి పసుపు ఎండ. బాటకు అడ్డంగా తుమ్మచెట్ల నీడలు పొడుగ్గా పడుకుని ఉంటాయి, ఇక లేవవు.

షామీర్‌పేట దాటాక లాల్‌గడి మలక్‌పేట్ వైపు పోయే రోడ్డు మీద ఒక సర్కారు బడి ఉంది. ఆతియా అక్కడ సోషల్ టీచరు. బడి చుట్టూ ఇప్పుడు చేలు లేవు. సున్నం పూసిన హద్దురాళ్ళు, వాటి మధ్య తుప్పలు, ప్రతి మలుపులో ప్లాట్లు కొనమని నవ్వే మొహాల ఫ్లెక్సీలు. ఇదే నేల ఎనభై ఏళ్ళ కిందట ఎలా ఉండేదో చెప్పాలంటే ఆమెకి నోరు నొప్పి పుట్టేది, వినే పిల్లలకి నిద్ర ముంచుకొచ్చేది. ఇరువైపులా ఆ బాధ పడలేకే ఆమె ఆట తయారుచేయడానికి పూనుకుంది.

తొమ్మిదో తరగతి పిల్లలు దానికి చప్పుళ్ళు తెచ్చిపెట్టారు. ఒకరు ఎద్దు మెడలో గంట, ఒకరు కీసర పక్కన వాళ్ళ మేనమామ చేలో ఎండిన జొన్నసొప్ప మీద గాలి, ఇంకొకరు మేక అరుపు. ఆ మేక వెనకాల ఎక్కడో బైకు హారన్ కూడా వినిపిస్తుంది. ఎంత గోకినా పోలేదు. నిజాం రాజ్యంలో బైకు హారన్ ఏమిటని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ఆతియా ఆలోచించి పెట్టుకుంది గానీ, ఎవరూ అడగలేదు.

బడి వదిలాక బస్సుకు ఇరవై నిమిషాలు ఉండేది. ఆ ఇరవై నిమిషాలూ ఆమె తొమ్మిదో తరగతి గదిలో డిజిటల్ బోర్డు ముందు ఒక్కతే నిలబడి వేలితో ఆ బాట మీద నడిచేది. ఎవరైనా చూస్తే మేడంకి ఏమైందో అనుకునేవారు. తాను ఉన్న గది ఆ బొమ్మలో ఒక జొన్నచేను. బస్టాపు ఒక పిల్లవాగు. వాగు దాటి ముందుకు పోతే ఏమీ ఉండదు, గాలి, ఎండ, దూరంగా గంట. అలా పోతూ పోతూ ఆమెకి తన ఇల్లూ, దిద్దాల్సిన పేపర్లూ, వయసూ గుర్తుండేవి కావు. ఇంత హాయి పాఠం పేరుతో దొరుకుతోందంటే ఆమెకి కొంచెం సిగ్గుగా కూడా ఉండేది.

కానీ బాట ఉన్నంత మాత్రాన ఆట కాదు కదా. దాని మీద ఎవరో ఒకరు నడవాలి. పుస్తకంలో నిజాం కాలం పాఠంలో వెట్టిచాకిరీ మీద నాలుగు వరసలు ఉన్నాయి. పిల్లలు వాటికింద గీత గీసుకుని, రెండు మార్కులకి వల్లెవేసి, పరీక్ష గది గుమ్మంలోనే వదిలేసి వస్తారు. కూలి లేకుండా, కాదనే దిక్కు లేకుండా మోసిన బరువు ఎలా ఉంటుందో వాళ్ళకి కొంచెమైనా తెలియాలని ఆతియా ఆరాటం. ఆ ఆరాటంలో కథ కోసం దూరం వెళ్ళలేదు. సొంత ఇంట్లో ఉన్నదే తీసుకుంది.

ఆమె నాన్న షుకూర్‌కి తండ్రి, అంటే ఆతియాకి దాదా, నిజాం సర్కారులో గిర్దావర్. ఊరూరా తిరిగి భూముల కొలతలు తనిఖీ చేసే చిన్న ఉద్యోగం. పట్నం నుంచి రైల్లో వచ్చి మేడ్చల్ టేషన్లో దిగితే గుర్రం సిద్ధంగా ఉండేది. బట్టలు, కాగితాలు, అత్తరు సీసాలు కుక్కిన ఇనుప సందుగ వేరేగా వచ్చేది. దాదా ఊరూరా ఆగి, చాయ్ తాగి, పెద్దమనుషుల్ని పలకరించి షామీర్‌పేట ఇల్లు చేరేసరికి సందుగ అప్పటికే అరుగు మీద ఉండేదట. ప్రతి పండక్కీ షుకూర్ ఈ ముచ్చట చెబుతాడు. తండ్రి గుర్రం దిగుతూ సందుగకి సలాం చేసి, నువ్వే గెలిచావు పో అనేవాడని చెప్పగానే ఇంటిల్లిపాదీ నవ్వుతారు. చిన్నప్పటి నుంచీ ఆతియా కళ్ళకి కట్టిన బొమ్మ ఒకటే. ఇనుప సందుగ తనంతట తానే జొన్నచేల మధ్య తేలుతూ వస్తూ ఉంటుంది. దాని కింద మనిషి ఉండాలన్న ఊహ ఆమెకి ఏనాడూ రాలేదు.

ఆటలో మనిషిని పెట్టింది, ఆ మాటకొస్తే. మోకాళ్ళ పైకి పంచె, నెత్తిన సందుగ. ముళ్ళు తప్పించుకోవాలి, వాగు దాటాలి, కుక్కల్ని తప్పించుకోవాలి, గుర్రం కంటే ముందు ఇల్లు చేరాలి. ఎంత తొందరగా చేరితే అన్ని మార్కులు. మార్కుల సంగతి లెక్కల మేడం శ్రీదివ్య చూసుకుంది. పై మూలన గడియారం కూడా ఆవిడే పెట్టింది. గడియారం లేకపోతే పిల్లలు ఆవులిస్తారని ఆవిడ అనుభవం. ఆటకి సందుగ పరుగు అని పేరు పెట్టుకుని ఇద్దరూ మురిసిపోయారు.

పిల్లలు ఎగబడ్డారు. సోషల్ పీరియడ్ కోసం పిల్లలు వరండాలో పరిగెత్తుకుంటూ రావడం ఆ బడి పుట్టాక అదే మొదటిసారి. వారం రోజులు పోటీ నడిచింది. చివరికి గెలిచింది, ఎవరూ అనుకోని జాస్మిన్. వెనక బెంచీలో గోడకి అతుక్కుని కూర్చునే పిల్ల. ఊరి చివర చర్చి సందులో ఉంటారు. తండ్రి జోయెల్ మేడ్చల్‌లో ఒక గోదాముకి వ్యాను నడుపుతాడు. ఆ పిల్ల మూడు నిమిషాల నలభై సెకన్లలో సందుగ తెచ్చి అరుగు మీద పెట్టేసింది. ఆతియా చప్పట్లు కొట్టించి, బోర్డు మీద పేరు రాసి, నీలం రంగు పెన్ను బహుమతిగా ఇచ్చింది. జాస్మిన్ పళ్ళు కనిపించేలా నవ్వడం కూడా ఆమె అప్పుడే చూసింది.

మర్నాడు పొద్దున్నే ఆ పెన్ను టేబుల్ మీదికి తిరిగి వచ్చింది. తనకి వద్దంది జాస్మిన్. ఎందుకని అడిగితే నేల చూపులు చూసింది. బుజ్జగించగా బుజ్జగించగా మాట బయటికొచ్చింది. నిన్న ఇంటికి ఉరుక్కుంటూ పోయి, వాకిట్లో అన్నం తింటున్న తాత ముందు నిలబడి, వెట్టిల నేనే ఫస్టొచ్చిన తాతా అని చెప్పిందట. తాత లచ్చయ్యకి ఎనభై అయిదు దాటాయి. ముద్దకో ముచ్చట చెప్పే మనిషి. ఆ మాట విని కంచం పక్కకి జరిపి, చెయ్యి కడుక్కుని, పెరట్లోకి పోయి కూర్చున్నాడు. అప్పటి నుంచి ఉలుకూ పలుకూ లేదు.

"తిట్టినా మంచిగుండు మేడం," అంది జాస్మిన్. "తిడ్తలేడు."

చేసిన తప్పు ఆతియాకి అప్పటికప్పుడే తెలిసిపోయింది, ఎవరూ చెప్పక్కర్లేకుండా. వెట్టి మోతకి మార్కులు వేసింది తను. ఎంత గొప్పగా మోస్తే అంత గొప్ప మార్కులు. ఆ మోత మోసిన ఇంటి పిల్లనే నిలబెట్టి చప్పట్లు కొట్టించింది. పుస్తకంలో రెండు మార్కుల పాఠాన్ని తిట్టిపోసింది కూడా తనే.

రెండు రోజులు గడిచాయి, వారం గడిచింది. లచ్చయ్య నోరు విప్పలేదు. జాస్మిన్ సోషల్ పుస్తకం తెరవడం మానేసింది. పిల్లలు ఆట పెట్టమని గోల చేస్తే ఆ పిల్ల తల బెంచీ మీద ఆనించి కళ్ళు మూసుకునేది. ఆతియా రోజూ ఒకటే అడిగేది, తాత మాట్లాడాడా అని. పిల్ల తల అడ్డంగా ఊపేది.

శనివారం సాయంత్రం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. తిరుగు ఎండ మొహాన పడుతుంటే ఆతియాకి కునుకు పట్టింది. కునుకులో కూడా బస్సు నడుస్తూనే ఉంది, కిటికీ బయట ఫ్లెక్సీలూ హద్దురాళ్ళూ ఒక్కటొక్కటే మాయమై జొన్నచేలు లేచాయి. గంట వినిపించింది. బస్సు పక్కనే, బస్సంత వేగంతో ఒక మనిషి నెత్తిన సందుగతో పరిగెడుతున్నాడు. చెమట లేదు, ఆయాసం లేదు. ఆమె గీసిన మొహమే అది, రెండు చుక్కలు, ఒక గీత. అయ్యా ఆగు అని ఆమె కిటికీలోంచి చెయ్యి చాచింది. అతను ఆగలేదు. ఆగడం తనే నేర్పలేదని ఆమెకి ఆ నిద్రలోనే తెలిసింది. మెలకువ వచ్చేసరికి దిగాల్సిన స్టాపు దాటి రెండు స్టాపులు పోయింది.

ఆదివారం చర్చి వదిలే వేళకి ఆమె లచ్చయ్య ఇంటికి వెళ్ళింది. అతని భార్య మార్తమ్మ తెల్లచీర మార్చుకోకుండానే కుర్చీ వేసి, చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. లచ్చయ్య పెరటి గోడ నీడలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. కూర్చోమని చేత్తో చూపించాడు. ఆతియా కూర్చుని, దారంతా కూర్చుకున్న మాటలు పక్కన పెట్టేసింది. ఏదీ దాచుకోకుండా మొత్తం చెప్పేసింది. దాదా గురించి, మేడ్చల్ టేషన్ గురించి, సందుగకి చేసే సలాం గురించి, పండక్కి తామంతా నవ్వే నవ్వు గురించి. తప్పయిపోయిందని కూడా చెప్పింది. ముసలాయన విన్నాడు. మార్తమ్మ తెచ్చిపెట్టిన చాయ్ చల్లారింది.

"సూపియ్యి బిడ్డా," అన్నాడు. మార్తమ్మ గుమ్మంలోనే ఆగిపోయి, ఆ గొంతు విని కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఆతియా బడి నుంచి తెచ్చిన టాబ్‌లో ఆట తెరిచింది. ఆయన దాన్ని మొహానికి దగ్గరగా, తర్వాత దూరంగా పట్టుకుని చూశాడు. బొమ్మమనిషి ముళ్ళ మీంచి ఎగిరి, వాగు మీంచి ఎగిరి పోతున్నాడు.

"ఈనె ఎందుకు ఉరుకుతుండు?"

ఉరికేది మార్కుల కోసం. ఆయన మళ్ళీ అడిగాడు, మేడ్చల్ నుంచి ఒక్కడే ఎలా మోస్తాడని. ఊరికో మనిషి ఉండేవాడట. తన ఊరి పొలిమేర దాకా ఒకడు, అక్కడ అవతలి ఊరివాడు అందుకోవాలి. ఇంటికింత అని వంతులు. సందుగ ఒకసారి నెత్తికెక్కిందంటే మోసేవాడు తనంతట తాను దించలేడు. ఎత్తాలన్నా దించాలన్నా ఎదురుగా ఇంకో రెండు చేతులు కావాలి. అంత బరువు. ఈ బొమ్మలో దించేది ఎక్కడుంది అని ఆయన వేలితో వెతికాడు. ఎగరడానికి ఒక గుర్తు ఉంది, పరిగెత్తడానికి ఒకటి ఉంది. దించడానికి ఏదీ లేదు.

ఆ తర్వాత ఆయన చెప్పింది ఆతియా ఇంటికి పోయి ఒక్క అక్షరం పోకుండా రాసి పెట్టుకుంది.

"నాకు గప్పుడు ఏడేండ్లు. మా నాయిన వంతొచ్చింది. నేను ఎంబడి వోయిన. పొలిమేర కాడికి వోతే అవతలోడు రాలే. వానికి కబురే అందలేదంట. ఎండ నడినెత్తి మీద. నాయిన సందుగతోటి అట్లనే నిలబడ్డడు. పడేస్తే అండ్ల సీసలున్నయో, అద్దాలున్నయో. పగిల్తే ఈపు పగుల్తది. నేను చేతులు సాపిన. అందలే. రాయెక్కిన. అయినా అందలే. నువ్వు కూసో కొడుకా, కాళ్లు గుంజుతయి అన్నడు. యాడ కూసోవాలె, చెట్టు లేదు చేమ లేదు. నాయిన నీడల కూసున్న. నీడ జరిగినకొద్ది నేను జరిగిన. పొద్దు వాలినంక వచ్చిండు అవతలోడు."

పెరట్లో కోడి ఒకటి మంచం కింద దూరి మళ్ళీ బయటికొచ్చింది. ఆతియా ఏడుపు ఆపుకోలేదు, ఆపుకోవాలని కూడా అనుకోలేదు. అది మా దాదా సందుగేనా అని మాత్రం అడిగింది.

"మీ దాదది కావచ్చు, ఇంకోల్లది కావచ్చు. నెత్తికేం ఎరుక బిడ్డా," అన్నాడు లచ్చయ్య.

జాస్మిన్‌తో ఎందుకు మాట్లాడటం లేదో కూడా చెప్పాడు. కోపం కాదు. లోకంలో ఉన్న ముచ్చట్లన్నీ మనవరాలికి చెప్పాడు గానీ ఈ ఒక్కటీ కొడుక్కి కూడా చెప్పలేదు. పిల్ల అంత సంబరంగా వచ్చి ఫస్టొచ్చానంటే, దాని మొహం చూసి భేష్ అనలేకపోయాడు, ఇది ఇట్లా బిడ్డా అని చెప్పి ఆ సంబరం మీద నీళ్ళు చల్లలేకపోయాడు. నోరు తెరిస్తే ఏది బయటికి వస్తుందోనని భయపడి అసలు తెరవడమే మానేశాడు. బడికి వచ్చి పిల్లలకి ఒక్కసారి చెప్పమని ఆతియా బతిమాలితే ఆయన అవుననలేదు, కాదనలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

సోమవారం నుంచి ఆతియా, శ్రీదివ్య ఆటని విప్పి మళ్ళీ కట్టడం మొదలుపెట్టారు. గడియారం తీసేయమంటే శ్రీదివ్య మొదట ససేమిరా అంది. మార్కులు లేని ఆట ఎవడాడతాడని వాదించింది. ఆతియా తాను రాసుకున్న కాగితం చేతిలో పెట్టింది. శ్రీదివ్య చదివి, ఇంకోసారి చదివి, పోయి గడియారం పీకేసింది. ముళ్ళ మీంచి ఎగరడం తీసేశారు. పరుగు తీసేశారు. మనిషి నడుస్తాడు, అంతే. పొలిమేర చేరగానే ఆగిపోతాడు. అక్కడ ఆడేవాళ్ళు రెండు అరచేతులూ బోర్డు మీద ఆనించి ఉంచాలి. ఇంకెవరో వచ్చి తమ రెండు చేతులు పక్కన ఆనిస్తేనే సందుగ కిందికి దిగుతుంది. ఎవరూ రాకపోతే దిగదు, ఎంతసేపైనా.

సందుగ దిగడం సరిగ్గా రావడానికే నాలుగు రోజులు పట్టింది. ఒకసారి అది ఆకాశంలోకి తేలిపోయింది. ఒకసారి మనిషిని కూడా తనతో పాటు నేలలోకి లాక్కుపోయింది. సూర్యుణ్ణి కదిలించాలని కూడా ఆతియా తంటాలు పడింది, కనీసం ఆ పొలిమేర దగ్గరైనా నీడ జరగాలని. అది ఈసారి కూడా కుదరలేదు. ఇంట్లో నాన్నకి జరిగింది చెబితే షుకూర్ చాలాసేపు కళ్ళద్దాలు తుడుస్తూ కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ తనకి కూడా పెట్టె ఒక్కటే కనిపించేదని అన్నాడు. ఇక ఆ ముచ్చట మళ్ళీ ఎత్తలేదు.

శుక్రవారం మూడో పీరియడ్‌కి బడి గేటు ముందు ఆటో ఆగింది. మార్తమ్మ ముందు దిగి, లచ్చయ్యని చెయ్యి పట్టి దించింది. ఉతికిన తెల్లచొక్కా, చేతికర్ర. ఆతియా ఎదురుపోయి తీసుకొచ్చి తరగతిలో కుర్చీ వేసింది. గోడ పక్కన జాస్మిన్ తలెత్తి చూసింది. తాత చూపు తన మీద పడగానే మళ్ళీ దించేసుకుంది.

ఆట మారిందని, ఇందులో గెలుపోటములు లేవని ఆతియా పిల్లలకి చెప్పింది. ఎవరు నడుస్తారని అడిగితే లేచిన చెయ్యి ఒక్కటీ లేదు. మార్కులు లేవంటే పిల్లలకి ఆట మీద నమ్మకం పోయినట్టుంది.

"జాస్మిన్, నువ్వు నడు బిడ్డా," అన్నాడు లచ్చయ్య. "ఉరకకు."

పదిహేను రోజుల తర్వాత ఆ పిల్లతో ఆయన అన్న మొదటి మాట అది. జాస్మిన్ లేచి వచ్చింది. వేలు బోర్డు మీద పెట్టింది.

మనిషి నడిచాడు. మేడ్చల్ టేషన్ వెనకబడింది. పసుపు ఎండలో జొన్నకంకులు ఊగాయి. ఎద్దుగంట దగ్గరగా వచ్చి దూరమైంది. పరిగెత్తినప్పుడు ఎవరికీ కనిపించనివన్నీ ఇప్పుడు కనిపించడం మొదలుపెట్టాయి. గట్టు మీద ఒక తెల్ల కొంగ ఉంది. వాగులో సందుగ నీడ ఉంది, దాని కింద మనిషి నీడ ఉంది. మేక అరిచింది, బైకు హారన్ మోగింది, ఎవరూ నవ్వలేదు. నలభై మంది పిల్లలున్న గదిలో గాలి చప్పుడు ఒక్కటే వినిపిస్తుంటే ఆతియాకి తాము గదిలో ఉన్నారో చేలో ఉన్నారో తెలియలేదు. తలుపు తెరిస్తే అవతల కూడా ఆ చేలే ఉంటాయనిపించింది.

పొలిమేర వచ్చింది. మనిషి ఆగాడు. జాస్మిన్ రెండు అరచేతులూ బోర్డుకి ఆనించి నిలబడింది. అవతలి నుంచి ఎవరూ రాలేదు. పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. తర్వాత ఏం చేయాలో ఆతియా వాళ్ళకి చెప్పలేదు, కావాలనే చెప్పలేదు. వాళ్ళకై వాళ్ళకి తోచాలనుకుంది. జాస్మిన్ బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంది. ఇక చెప్పేద్దామని ఆతియా నోరు తెరవబోయేంతలో కుర్చీ కిర్రుమంది.

లచ్చయ్య లేచాడు. చేతికర్ర కుర్చీకి ఆనించి, నాలుగడుగులు వేసి, మనవరాలి చేతుల పక్కన తన చేతులు రెండూ చాచి పెట్టాడు. సందుగ ఒక్కసారి ఊగి, మెల్లగా, చాలా మెల్లగా కిందికి దిగింది. నేల తాకినచోట కాస్త దుమ్ము లేచింది.

"కూసో నాయినా," అన్నాడు ఆయన, బోర్డుతో.

మనిషి కూర్చోలేదు. సందుగ పక్కన, చేతులు వేలాడేసుకుని, రెండు చుక్కల కళ్ళతో ఎదురుగా చూస్తూ నిలబడే ఉన్నాడు. లచ్చయ్య కాసేపు చూసి మళ్ళీ అన్నాడు, ఈసారి ఇంకా నెమ్మదిగా. గదిలో అందరూ ఎదురుచూశారు. ఆతియా చూపు శ్రీదివ్య కోసం గుమ్మం వైపు పోయింది, గుమ్మంలో నిలబడి చూస్తున్న శ్రీదివ్య చేతులతో మొహం కప్పుకుంది. నాలుగు రోజులు కిందామీదా పడి బరువు దించడం నేర్పారు గానీ, దించిన మనిషి ఆ తర్వాత కూర్చుంటాడన్నది ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. కూర్చున్న బొమ్మ వాళ్ళు గీయనే లేదు.

అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు. బోర్డు చెడిపోయిందంటే పిల్లలు నమ్ముతారు. ఆతియాకి ఆ పని చేయబుద్ధి కాలేదు.

"మేం గీయలేదు తాతా," అంది. "మాకు యాదికే రాలే."

లచ్చయ్య ఆమె వైపు తిరిగి చూడలేదు. నిలబడ్డ ఆ మనిషినే చూస్తున్నాడు, ఏడేళ్ళ పిల్లాడు చూసినట్టు, మెడ పైకెత్తి. జాస్మిన్ తాత మొహంలోకి చూసింది. ఆ పిల్లకి ఆ కథ అప్పటికి ఇంకా ఎవరూ చెప్పలేదు. అయినా ఏదో అర్థమైనట్టే ఉంది.

"ఎట్ల కూసుంటుండె తాతా? చెప్పు, నేను గీస్త."

లచ్చయ్య చెప్పలేదు. మార్తమ్మ వద్దు వద్దంటూ వస్తుంటే చేత్తో ఆపి, గోడ పట్టుకుని, ఒక మోకాలు వంచి, రెండోది వంచి, నలభై మంది పిల్లల ముందు తరగతి గది నేల మీద కూర్చున్నాడు. ఒక మోకాలు పైకి మడిచాడు. భుజాన తువ్వాలు తీసి మెడ తుడుచుకుని దాన్ని మోకాలి మీద వేశాడు. వెనక్కి గోడకి వాలి, పైన మోయడానికి ఏమీ లేని తలని కొంచెం పక్కకి వంచాడు.

"గిట్ల," అన్నాడు.

జాస్మిన్ బోర్డు మీద వేలితో గీయడం మొదలుపెట్టింది.